కజకిస్తాన్: పక్కనే అంత సముద్రం ఉంటే తీరం లేని దేశం ఎలా అయింది? అల్మాటీ గాలి సంగతి కూడా చెప్పండి

పులిచింతల_కుర్రాడు
మా చెల్లికి అల్మాటీలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. సెప్టెంబర్‌లో ప్రయాణం. కన్సల్టెన్సీ ఆయన మా నాన్న ముందు కూర్చుని "ఊటీలాంటి వాతావరణం సార్, కొండల పక్కన ఊరు, గాలి అంటే అదీ గాలి" అని ఊదరగొట్టాడు. నేను పోయిన జనవరి గాలి రికార్డు తీసి చూస్తే వరసగా ఎర్ర గుర్తులే. మంచుకొండలు పక్కన పెట్టుకుని ఈ పొగ ఎక్కడిది?

ఇంకో అనుమానం. మ్యాపులో ఎడమ వైపు కాస్పియన్ సముద్రం ఉంది, అక్తావ్ అని రేవు కూడా ఉంది. అయినా తీరం లేని దేశాల్లో ఇదే అతి పెద్దదని చదివాను. పైగా అర్ధరాత్రి భూకంపానికి జనం రోడ్డు మీద నిలబడ్డ వీడియో ఒకటి మా అమ్మ వాట్సాప్‌లో చూసింది. అప్పటినుంచి ఇంట్లో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి. "పంపొద్దు" అని మాత్రం అనకండి, డబ్బు కట్టేశాం.

వడ్లగింజ
డబ్బు కట్టేశాక వాతావరణం కనుక్కునేది మనవాళ్లే.

అల్మాటీ_మూడో_ఏడు
నేను ఇక్కడే చదువుతున్నా. ఆయన చెప్పిందీ నిజమే, నువ్వు చూసిందీ నిజమే. మే నుంచి సెప్టెంబర్ దాకా ఈ ఊరు బంగారం. వీధుల పక్కన కాలువల్లో కొండనీళ్లు పారుతుంటాయి, ఏ రోడ్డు మీద నిలబడి దక్షిణానికి తిరిగినా మంచు శిఖరాలే. నవంబర్ దాటిందా, లెక్క మారిపోతుంది. మా హాస్టల్ కిటికీ గట్టు మీద మంచు పడితే మొదటి రోజు తెల్లగా ఉంటుంది. రెండో రోజుకి బూడిద రంగు. మూడో రోజు వేలితో గీస్తే వేలికి మసి అంటుతుంది. మళ్లీ పడితే దాని మీద ఇంకో తెల్ల పొర. గట్టు మీద కోసి చూస్తే చారలు చారలుగా కనిపిస్తుంది.

ఊరి పైభాగం నయం. ఊరి పైన లోయలో ఉన్న మెదెవ్ నుంచి, ఇంకా ఎత్తున ఉన్న షింబులక్‌కి రోప్‌వే ఎక్కితే పైన కళ్లు చెదిరే ఎండ, కింద ఊరు ఉండాల్సిన చోట బూడిద రంగు దుప్పటి. ఆ దుప్పటి కిందే మా క్లాసులు.

భూగోళం_మాస్టారు
కొండలు ఉన్నా పొగ అనకూడదు బాబూ, కొండల వల్లే పొగ. అల్మాటీ ఊరు సుమారు 700 నుంచి 900 మీటర్ల ఎత్తులో ఉంది. దక్షిణాన గోడలా ఇలె అలతావ్ శ్రేణి, తాల్గర్ శిఖరం 4,979 మీటర్లు. శీతాకాలం సైబీరియా అధిక పీడనం వచ్చి కూర్చుంటే వారాల తరబడి గాలి కదలదు. రాత్రిపూట చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట దిగి ఊరి మీద చేరుతుంది. దాని పైన వెచ్చటి గాలి, గిన్నె మీద మూత పెట్టినట్టు. కింద పుట్టిన పొగకి పైకి దారి లేదు.

పొగ ఎక్కడిదంటే బొగ్గు, వాహనాలు. ఊళ్లో ఇళ్లకు వేడినీళ్లు, కరెంటు ఇచ్చే పెద్ద థర్మల్ కేంద్రం ఏకిబస్తుజ్ అనే చోటి గనుల బొగ్గు మీద నడుస్తోంది. అందులో బూడిద పాలు బాగా ఎక్కువ. గ్యాసుకి మార్చే పని మొదలుపెట్టారు.

సముద్రం సంగతి. కాస్పియన్ పేరుకే సముద్రం. మహాసముద్రానికి దారి లేని సరస్సు అది. దాని నీటిమట్టమే మహాసముద్రాల మట్టానికి 28, 29 మీటర్లు కింద ఉంది. ఓడ బయటికి వెళ్లాలంటే రష్యాలోని వోల్గా–దాన్ కాలువ గుండా, రష్యా ఒప్పుకుంటేనే. కజకిస్తాన్ వైశాల్యం 27 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లు దాదాపు పది పడతాయి. జనాభా చూస్తే 2 కోట్లు. తెలంగాణ కన్నా తక్కువ.

రిగ్గు_రాంబాబు
కాస్పియన్ అంటే నన్ను అడగండి. అతిరావ్ వైపు చమురు పనుల్లో చేశాను. మొదటి సెలవు రోజు సముద్రం చూద్దామని బయల్దేరాం. బాపట్ల వాణ్ని కదా, మనసులో సూర్యలంక ఉంది. వెళ్తే ఏముంది, మనిషెత్తు రెల్లు, బురద, దోమలు. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో చెప్పేవాడు లేడు. ఉత్తర కాస్పియన్ సగటు లోతు ఐదారు మీటర్లే. గాలి అటు తోస్తే నీళ్లు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతాయి, ఇటు తోస్తే ముందుకొస్తాయి. చలికాలం గడ్డకట్టిపోతుంది. అందుకే కషగన్ చమురు క్షేత్రంలో మామూలు ప్లాట్‌ఫామ్‌లు కాకుండా సముద్రంలో దీవులు కట్టి మంచుగడ్డల నుంచి కాపాడుకుంటున్నారు.

అతిరావ్ ఊరి మధ్య ఉరల్ నది. వంతెనకి ఒక పక్క యూరప్, ఇంకో పక్క ఆసియా అని బోర్డులు. మేం ఆసియాలో పడుకుని యూరప్‌లో టిఫిన్ చేసేవాళ్లం. 😄

వడ్లగింజ
పాస్‌పోర్టు మీద స్టాంపు పడిందా రాంబాబన్నా?

రిగ్గు_రాంబాబు
చెప్పులకి బురద పడింది.

చలిచీమ
ఊటీ అన్నవాణ్ని ఒక్క జనవరి ఆస్తానాకి పంపండి, పుణ్యముంటుంది. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడ ఉంటున్నాం. ఉలాన్‌బాతర్ తర్వాత ప్రపంచంలో అంత చలి రాజధాని ఇదేనంటారు. −30 మామూలు, అప్పుడప్పుడు −40 కూడా చూపిస్తుంది. ఉత్తరాన ఆర్కిటిక్ దాకా గాలిని ఆపే కొండ ఒక్కటీ లేదు. బురాన్ అని మంచుతుపాను లేస్తే ఊళ్ల మధ్య హైవేలు మూసేస్తారు. ఆ గాలిలో ముసుగు వేసుకుని నడిస్తే మన ఊపిరే కనురెప్పల వెంట్రుకల మీద గడ్డకడుతుంది, రెప్ప వేస్తే అతుక్కుంటాయి. ఫోను జేబులోంచి తీస్తే కాసేపటికే ఆఫ్.

అదే ఊళ్లో జులైలో 35 డిగ్రీలు. సముద్రం దగ్గర లేకపోతే వేడిని, చలిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు కదా. అల్మాటీ −10 మాకు పిక్నిక్ వాతావరణం.

అల్మాటీ_మూడో_ఏడు
చలిచీమ అక్కా, మీ ఊళ్లో గాలి వీస్తుంది, అందుకని పొగ మా అంత నిలవదు. మార్చుకుందామా?

చలిచీమ
వద్దులే తమ్ముడూ. మసి తుడుచుకోవచ్చు, ముక్కు ఊడితే అతికించలేం.

పులిచింతల_కుర్రాడు
భూకంపం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. దాటేస్తున్నారా?

అల్మాటీ_మూడో_ఏడు
దాటేయడం లేదు. మీ అమ్మగారు చూసిన వీడియో 2024 జనవరి 23ది అయుంటుంది. చైనా వైపు షిన్‌జియాంగ్‌లో 7 తీవ్రతతో వచ్చింది, ఇక్కడ అర్ధరాత్రి దాటింది. బల్బు ఊగడం చూసి నేను కోటు వేసుకున్నాను కానీ సాక్సులు వేసుకోలేదు. రోడ్డు మీద గంటల కొద్దీ నిలబడితే భూకంపం కన్నా కాళ్ల సంగతే భయమేసింది. సీనియర్లు తలుపు పక్కనే ఒక బ్యాగు పెట్టుకోమంటారు: పాస్‌పోర్టు, నీళ్లు, మందులు, మందం సాక్సులు. మీ చెల్లికి మొదటి రోజే అది చేయించండి.

భూగోళం_మాస్టారు
మన భారత ఫలకం ఆసియాను తోస్తున్న తోపుడు హిమాలయాల దగ్గర ఆగిపోలేదు. అల్మాటీ వెనకున్న టియన్‌షాన్ కొండలను పైకి లేపుతున్నదీ అదే. 1887లో ఈ ఊరు (అప్పుడు వెర్నీ అనేవారు) దాదాపు నేలమట్టమైంది. 1911లో ఇంకా పెద్దది వచ్చింది, దానికి అప్పుడే కొత్తగా కట్టిన పెద్ద చెక్క చర్చి మాత్రం నిలబడింది. ఇప్పటికీ పాన్‌ఫిలోవ్ పార్కులో ఉంది. అదే 1911 భూకంపానికి కొండచరియ విరిగి వాగుకు అడ్డం పడి కైండీ సరస్సు పుట్టింది. మునిగిన స్ప్రూస్ చెట్ల మోళ్లు నేటికీ నీళ్లలో నిటారుగా నిలబడి ఉన్నాయి.

నిజానికి అక్కడి పాతవాళ్లకు భూకంపంతో పాటు "సెల్" అన్నా భయమే. కొండ మీద గ్లేసియర్ చెరువు గండి పడితేనో, గట్టి వాన పడితేనో బురద, బండరాళ్లు కలిసి ఊరి మీదకి దిగుతాయి. 1921 జులైలో ఒక రాత్రి అలా దిగి వందల మందిని పొట్టన పెట్టుకుంది. 1966లో కొండను పేల్చి లోయకు అడ్డంగా మెదెవ్ కట్ట వేశారు. దండగ ఖర్చు అన్నవాళ్ల నోళ్లు 1973లో మూతపడ్డాయి. ఆ ఏడు వచ్చిన సెల్‌ను ఆ కట్టే ఆపింది.

అల్మాటీ_మూడో_ఏడు
ఆ కట్ట మెట్లు 842. ఫస్టియర్ వాళ్లని ఎక్కించి ఏడిపించడం ఇక్కడ ఆచారం.

నీళ్ల_లెక్క
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని, నాకు ఈ దేశం నదుల పటం చూస్తే నిద్ర పట్టదు. ఉత్తరాన ఇర్తిష్, ఇషిమ్, తొబోల్ మాత్రం రష్యా దాటి ఆర్కిటిక్ చేరతాయి. మిగతావేవీ మహాసముద్రం మొహం చూడవు. ఉరల్ కాస్పియన్‌లోకి, సిర్ దర్యా ఆరల్‌లోకి, ఇలీ నది బల్ఖాష్‌లోకి, చూ నది అయితే ఇసుకలోనే ఇంకిపోతుంది. నది సముద్రంలో కలిస్తే ఉప్పు, మురికి, పొలాల మందు అంతా దాంతో పోతుంది. ఇక్కడ పోయే చోటు లేదు. నీళ్లు ఆవిరవుతాయి, తెచ్చినదంతా అడుగున మిగులుతుంది. మాస్టారు చెప్పిన పొగ కథ, ఈ నీళ్ల కథ నాకు ఒకే కథలా కనిపిస్తున్నాయి. లోపలికి వచ్చింది బయటికి పోదు.

ఆరల్ సంగతి అందరికీ తెలుసు: 1960లో 68 వేల చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. అము దర్యా, సిర్ దర్యా నీళ్లన్నీ పత్తికి మళ్లించారు, 1980ల చివరికి రెండు ముక్కలైంది. అరాల్స్క్ రేవు నుంచి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్లు వెనక్కి పోయాయి. ఎండిన అడుగు నుంచి లేచే ఉప్పు దుమ్ములో పత్తి చేలకు కొట్టిన మందుల అవశేషాలు కూడా ఉంటాయి.

తెలియాల్సింది తర్వాతి సంగతి. 2005లో కజకిస్తాన్ ప్రపంచ బ్యాంకు అప్పుతో కోకరల్ దగ్గర సుమారు 13 కిలోమీటర్ల మట్టికట్ట వేసింది. ఉత్తర ముక్క నీటిమట్టం అనుకున్న దానికన్నా తొందరగా సముద్రమట్టానికి 42 మీటర్ల ఎత్తుకు చేరింది, ఉప్పదనం తగ్గింది, మంచినీటి చేపలు తిరిగొచ్చాయి. మట్టికట్టే! ఇంజనీరుగా నాకు ముచ్చటేసే పని.

కిందిగట్టు
ముచ్చట మీకు బాగానే ఉంటుంది సార్. ఆ కట్ట వల్ల దక్షిణ ముక్కకు సిర్ దర్యా నీళ్లు దాదాపు తెగిపోయాయి కదా? ఉజ్బెకిస్తాన్ వైపు వాళ్లకి మిగిలింది ఎడారే. పైన ఉన్నవాడు గేటు దించుకుని "సముద్రాన్ని బతికించాం" అంటే కృష్ణా ఆయకట్టు చివర పెరిగిన నాకు ఒళ్లు మండుతుంది.

నీళ్ల_లెక్క
మంట న్యాయమే. కానీ ఉన్న సిర్ దర్యా నీళ్లతో రెండు ముక్కలూ నిలవవు. కట్ట లేనప్పుడు ఆ నీళ్లు దక్షిణానికి పోయి పలచగా పరుచుకుని ఆవిరయ్యేవి. దక్షిణ ముక్కకు ప్రాణం అము దర్యా, అది కజకిస్తాన్ చేతిలో లేదు. పైగా కజకిస్తాన్‌ను ఎగువ వాడనుకుంటున్నారా? సిర్ దర్యాకి కిర్గిజ్‌స్తాన్ ఎగువ, అక్కడ తొక్తొగుల్ డ్యామ్ ఉంది. చలికాలం కరెంటు కోసం వాళ్లు నీళ్లు వదులుతారు, ఎండాకాలం పొలాలకి వీళ్లకి కావాలి. ఇలీ నదికి, ఇర్తిష్‌కి చైనా ఎగువ. బల్ఖాష్‌కి వచ్చే నీళ్లలో మూడొంతులకు పైగా ఇలీ తెచ్చేదే. సగటు లోతు ఆరు మీటర్లున్న సరస్సు, పడమర సగం మంచినీళ్లు, తూర్పు సగం ఉప్పునీళ్లు. ఇలీ తగ్గితే దాని గతి ఏమిటో ఆరల్‌ని చూసి చెప్పొచ్చు. 1970లో కప్చగాయ్ డ్యామ్ నింపడం మొదలుపెట్టినప్పుడే మట్టం పడిపోయింది.

కిందిగట్టు
అంటే అందరూ ఎవరికో ఒకరికి కిందివాళ్లే. అయినా దక్షిణ ఆరల్ విషయంలో నా మాట నాదే.

మంజీర_ఒడ్డు
ఎత్తిపోతలు లేవా అక్కడ?

నీళ్ల_లెక్క
లేకేం. ఇర్తిష్ నీళ్లను కరగండ గనుల వైపు తీసుకెళ్లే కాలువ 450 కిలోమీటర్లకు పైనే, 22 పంపింగ్ స్టేషన్లు. సోవియట్ కాలపు పని. కాళేశ్వరం మీద వాదించేవాళ్లు ఒకసారి దాన్నీ చదవాలి. దయచేసి ఇక్కడ మాత్రం మొదలుపెట్టకండి.

నల్లరేగడి
నేను రైతుని, నా అనుమానం వేరు. ఇంత చలి, ఇంత ఎండ, వానలు అంతంత మాత్రం. మరి గోధుమ ఎలా ఎగుమతి చేస్తున్నారు?

చలిచీమ
ఆస్తానా దాటి ఉత్తరానికి కారులో పోతే ఆగస్టు చివర గంటల తరబడి గోధుమే. మేలో విత్తి సెప్టెంబర్‌లోపు కోసేయాలి, ఆలస్యమైతే చేను మీద మంచు పడుతుంది.

భూగోళం_మాస్టారు
అక్కడ ఏడాదికి 300 మి.మీ. అటూ ఇటూ. అనంతపురంలో 550 కురిసినా కరువే అంటాం. తేడా ఏమిటంటే చలికాలపు మంచు కరిగి నేలలోకి దిగడం, ఎండ తీవ్రత ఉండే నెలలు తక్కువ కావడం. ఉత్తరపు అంచున నల్లమట్టి కూడా ఉంది.

1954లో సోవియట్ నేత కృశ్చేవ్ బంజరు భూముల ఉద్యమం పెట్టి, ఒక్క కజకిస్తాన్‌లోనే సుమారు 2.5 కోట్ల హెక్టార్ల గడ్డినేల దున్నించాడు. మొదటి పంటలు విరగ పండాయి. 1960లు వచ్చేసరికి వేళ్లు పట్టి ఉంచని మట్టి గాలికి లేచిపోయింది, మధ్యాహ్నం దీపాలు పెట్టుకునేంత దుమ్ము. అలెగ్జాండర్ బరాయెవ్ అనే శాస్త్రవేత్త, నేలను తిరగేయొద్దు, కోసిన మోళ్లు అలాగే వదలండి, అవి చలికాలం మంచును పట్టి ఉంచుతాయి, గాలిని ఆపుతాయి అని పట్టుబట్టి నేర్పాడు.

నల్లరేగడి
మోళ్లు వదలమనడం మా దగ్గర చెబితే నవ్వుతారు. అగ్గిపుల్ల గీసేస్తాం.

పిట్టలదొర
ఇంతసేపూ మట్టి, నీళ్లేనా? ఆ గడ్డినేల అసలు యజమాని సైగా. మేక అంత జింక, ముక్కు మాత్రం కిందికి వంగి, ఉబ్బి, రెండు పెద్ద రంధ్రాలతో వేలాడుతుంది. ఎండాకాలం దుమ్మును వడగడుతుంది, చలికాలం గాలిని వెచ్చబెట్టి లోపలికి పంపుతుంది. 2015 మేలో ఈనే కాలంలో రెండు లక్షలకు పైగా సైగాలు కొద్ది వారాల్లో చచ్చిపడ్డాయి. మామూలుగా వాటి ఒంట్లోనే హాని చేయకుండా ఉండే పాశ్చురెల్లా బాక్టీరియా, ఆ ఏడు వేడి, తేమ అసాధారణంగా పెరిగేసరికి విజృంభించింది. ఇక అంతే అనుకున్నారు. 2023 నాటికి లెక్క 19 లక్షలు! ఆ డిసెంబర్‌లో వాటిని అంతరించే ప్రమాదం బాగా ఉన్న జాబితా నుంచి కిందికి దించారు. ఇప్పుడు పంటలు తొక్కేస్తున్నాయని రైతుల గోల.

ఇంకోటి, కొర్గల్జిన్ దగ్గర టెంగిజ్ సరస్సులో ఫ్లెమింగోలు గూళ్లు పెడతాయి, అంత ఉత్తరాన అవి గూళ్లు పెట్టే చోట్లు చాలా అరుదు. మన పులికాట్‌కి వచ్చేవి అవే.

రిగ్గు_రాంబాబు
టెంగిజ్‌లో పనిచేశాను దొరా, ఫ్లెమింగోలు కాదు, గ్యాసు మంటలు ఉన్నాయి.

పిట్టలదొర
నీది చమురు టెంగిజ్, నాది చెరువు టెంగిజ్. మధ్య వెయ్యి కిలోమీటర్లు.

సూళ్లూరుపేట_సుబ్బు
పిట్టలదొర పేరు సార్థకం చేసుకున్నారు. 😄 టెంగిజ్ ఫ్లెమింగోలు ఎక్కువగా ఇరాన్ వైపు, కాస్పియన్ దక్షిణ తీరాలకు పోతాయి. మన దేశంలో ఇవి పెద్ద ఎత్తున గూళ్లు పెట్టేది రాన్ ఆఫ్ కచ్‌లో. మా పులికాట్‌వి సైబీరియా నుంచి, కజకిస్తాన్ నుంచి అని ప్రతి పండక్కీ ఎవరో ఒకరు మైకులో చెబుతారు.

పిట్టలదొర
ఒకటీ అరా రావని ఎవరు చెప్పారు?

సూళ్లూరుపేట_సుబ్బు
ఒకటీ అరాకి పండగ చేయరు కదా.

చలిచీమ
2024 ఏప్రిల్ వరదల సంగతి కూడా చెప్పాలి. చలికాలం మంచు బాగా పడింది, నేల ఇంకా గడ్డకట్టే ఉంది, ఒక్కసారిగా వేడి పెరిగింది. కరిగిన నీళ్లు ఇంకే దారి లేక చదునైన నేల మీద పరుచుకున్నాయి. లక్ష మందికి పైగా ఇళ్లు వదిలారు. 80 ఏళ్లలో ఇంతటిది లేదని అధ్యక్షుడే అన్నాడు.

మంజీర_ఒడ్డు
సెమిపలాటిన్స్క్ ఎవరూ ఎత్తలేదేం? 1949 నుంచి 1989 దాకా 456 సోవియట్ అణు పరీక్షలు ఆ దేశం నేల మీదే. 1965లో ఒక బాంబుతో చెరువే తవ్వారు, చగాన్ అని. 1991 ఆగస్టు 29న మూసేశారు. అంత అనుభవించినవాళ్లు 2024 అక్టోబర్ ప్రజాభిప్రాయ సేకరణలో అణు విద్యుత్తుకి 71 శాతం అవునన్నారు. అదీ బల్ఖాష్ ఒడ్డున, ఉల్కెన్ దగ్గర. నాకు మింగుడు పడటం లేదు.

అల్మాటీ_మూడో_ఏడు
మా పొగలో ఒక చలికాలం ఉంటే మింగుడు పడుతుంది అన్నా. మా ల్యాబ్ అసిస్టెంట్ ఆవిడది సెమెయ్, అదే పాత సెమిపలాటిన్స్క్. ఆవిడ వద్దంటుంది, ఆవిడ కొడుకు కావాలంటాడు.

నీళ్ల_లెక్క
ఆరు మీటర్ల సరస్సు నీళ్లతో రియాక్టర్ చల్లబరచడం గురించి నాకు వేరే చర్చ కావాలి. ఇక్కడ రాస్తే తెల్లారిపోతుంది.

పులిచింతల_కుర్రాడు
బుర్ర తిరిగిపోయింది, కానీ నాన్నకి చెప్పడానికి సరిపడా దొరికింది. గది ఎక్కడ చూడమంటారు?

అల్మాటీ_మూడో_ఏడు
కాలేజీ హాస్టలే అయితే చేసేదేం లేదు, గదికి ఎయిర్ ప్యూరిఫయర్ కొనండి. బయట తీసుకుంటే అల్ ఫరాబీ రోడ్డుకు పైన, కొండ వైపు చూడండి. అద్దె ఎక్కువ, గాలి నయం. బూట్లు, కోటు ఇక్కడే కొనాలి. మన దగ్గర "−20కి పనికొస్తుంది" అని అమ్మేవి సున్నాకే చేతులెత్తేస్తాయి.

వడ్లగింజ
నేను మేలో తిరగడానికి వద్దామనుకుంటున్నా. ఆ మునిగిన చెట్ల కైండీకి మామూలు అద్దె కారు వెళ్తుందా?

అల్మాటీ_మూడో_ఏడు
సాతీ ఊరి దాకా వెళ్తుంది. అక్కడినుంచి వాగులు దాటాలి, బుహాంకా అనే పాత రష్యన్ వ్యాన్ ఎక్కాల్సిందే. ముందు సీటు అడిగి తీసుకో. వెనక కూర్చుంటే తల పైకప్పుకి తగులుతూనే ఉంటుంది, తిన్నది బయటికి వస్తుంది.

రిగ్గు_రాంబాబు
అతిరావ్‌కి కూడా రా వడ్లగింజా. బీచ్ చూపిస్తా.